చూసి రాసిన కాగితం

“నెమ్మదిగా మాట్లాడు. ఆయన బయటే ఉన్నాడు,” అంది సంపూర్ణమ్మ.

బయట అరుగు మీద శౌరయ్య కూర్చుని ఉన్నాడు. పొద్దున చర్చిలో ఆదివారం పూజకు వేసుకున్న తెల్లచొక్కా ఇంకా విప్పలేదు. గుడి నుంచి సరాసరి లాజరే ఆయన్ని వెంటబెట్టుకొచ్చాడు. ప్లాస్టిక్ కుర్చీ తుడిచి వేసి, “కూర్చో అన్నా, మా అమ్మాయి ఇట్టే రాసిచ్చేస్తుంది” అని భరోసా ఇచ్చి, టీ పెట్టమని లోపలికి కేకేశాడు. ఆ అరుగుకీ ఈ గదికీ మధ్య ఒక కర్టెన్ గుడ్డ తప్ప ఇంకో అడ్డం లేదు.

శాలిని మంచం పక్కన నేల మీద కూర్చుని ఉంది. బుధవారం తల్లికి నిజం చెప్పినప్పటి నుంచీ ఆ పిల్ల మంచం ఎక్కడం మానేసింది. ఎవరూ వెయ్యని శిక్ష తనకు తనే వేసుకుంది.

“నాకు రాదని చెప్పెయ్యమ్మా.”

“ఎవరికి చెప్పను? యేసుగాడి నాన్నకా, మీ నాన్నకా?”

“ఇద్దరికీ.”

సంపూర్ణమ్మ స్టవ్ వైపు తిరిగింది. పాలు పొంగుతుంటే చూస్తూ నిలబడిందేగాని గిన్నె దించలేదు. ఇంట్లో ఒక్క చుక్క ఒలికినా ఊరుకోని మనిషి ఆమె. పాలు స్టవ్ మీద నుంచి గట్టు మీదకు కారాయి.

“ఏం చేస్తున్నారు ఇద్దరూ? టీ లేదు, కాగితం లేదు. పెద్దమనిషిని కూర్చోబెట్టాం,” అంటూ లాజరు కర్టెన్ తోసుకుని లోపలికొచ్చాడు.

“దానికి ఒంట్లో బాగోలేదండీ.”

“పూజలో బాగానే ఉందిగా,” అని వంగి కూతురి నుదుటి మీద చెయ్యి పెట్టాడు. ఆటోనగర్లో లారీ బాడీలకు రంగులు వేసే చెయ్యి అది. ఎంత కిరసనాయిలు పోసి కడిగినా గోళ్ల చుట్టూ ఎర్రరంగు పోదు. “ఒళ్లు చల్లగానే ఉంది. లేమ్మా. పాపం శౌరయ్యన్న రెండు రోజుల్నుంచి ఎవరినడగాలో తెలీక తిరుగుతున్నాడు. మా అమ్మాయి ఉండగా నీకేం బెంగ అని నేనే తీసుకొచ్చా.”

శాలిని లేవలేదు.

“అంతా ఒక్క పేజీనే. దాణా ఫ్యాక్టరీవాళ్లు వాళ్లబ్బాయి యేసుకి నోటీసిచ్చారు. మిషను దగ్గర గోడకి అంటించిన పద్ధతి ప్రకారం చెయ్యలేదు, నీ ఇష్టమొచ్చినట్టు చేసి వేళ్లు పోగొట్టుకున్నావు, దీనికి సంజాయిషీ ఏంటని అడిగారంట. రేపు ఎంక్వైరీ. జవాబు ఇంగ్లీషులోనే ఉండాలంట. పొరపాటైందండీ, పేదవాణ్ణి, ఉద్యోగం తియ్యకండి, ఆస్పత్రి ఖర్చులు ఇప్పించండి అని రాసెయ్. ఆ ఫ్యాక్టరీలో నువ్వూ ట్రైనీవేగా. నీకు తెలీని విషయమా?”

“వాడు ఆ పద్ధతి ప్రకారమే చేశాడు నాన్నా.”

“నీకెలా తెలుసు?”

“గోడ మీద కాగితం రాసింది నేను.”

“నాకు తెలీదా ఏంటి? ఆడిటువాళ్లు దాన్ని ఫొటో తీసుకెళ్లారని నువ్వొచ్చి చెప్పిన రోజు గుళ్లో అందరికీ చెప్పుకున్నా,” అన్నాడు లాజరు. ఆ మాట అంటున్నప్పుడు కూడా అతని ముఖంలో కాస్త వెలుగొచ్చింది. 

“దాంట్లో తప్పుంది,” అంది శాలిని.

బయట శౌరయ్య దగ్గాడు. ముగ్గురూ కర్టెన్ వైపు చూశారు.

ఆ తప్పు ఎలా జరిగిందో బుధవారం తల్లికి చెప్పినట్టే ఇప్పుడు తండ్రికీ చెప్పింది శాలిని. గొంతు తగ్గించి, తల వంచుకుని, ఏ ఒక్కటీ దాచకుండా చెప్పింది.

కంకిపాడు రోడ్డులో ఉన్న ఆ దాణా ఫ్యాక్టరీలో శాలినినీ యేసుకుమార్‌నీ ఒకేసారి ట్రైనీలుగా తీసుకున్నారు. ఇద్దరూ ఐటీఐలో ఒకే క్లాసు. ఆడిట్ వస్తోందనీ, ప్రతి మిషను దగ్గరా దాన్ని శుభ్రం చేసే పద్ధతి ఇంగ్లీషులో రాసి అంటించాలనీ మేనేజరు హర్షవర్ధన్ గారికి పైనుంచి మాటొచ్చింది. ఆయన శాలిని ఐటీఐ రికార్డు పుస్తకం తెప్పించి చూశారు. అచ్చు గుద్దినట్టున్న ఆ అక్షరాలు చూసి, “ఈ అమ్మాయి చేత రాయించండి” అన్నారు. అక్షరాలు అంత బాగుంటే లోపల భాష కూడా ఉండే ఉంటుందని ఆయన అనుకున్నారు. చదువుకున్న ఆయనే అలా అనుకుంటే రంగులేసుకునే లాజరు అనుకోవడంలో వింతేముంది?

శాలినికి ఇంగ్లీషులో అలాంటిది ఒక్కటే వచ్చు. ఇనుము చెక్కే లేత్ మిషన్ మీద పని ముగిశాక దాన్ని శుభ్రం చేసే పద్ధతి. పరీక్షల్లో వస్తుందని గైడులోది బట్టీపట్టింది. మన చదువుల్లో పేరు మారిస్తే చాలు, ప్రయోగం మారిపోయినట్టే లెక్క. రికార్డులన్నీ అలాగే నిండుతాయి. దాణా కలిపే మిక్సర్ కోసం శాలిని కూడా లేత్ అన్నచోట మిక్సర్ అని పెట్టింది. మొదటి వాక్యంలో లివర్ ఆపమని ఉంది. మిక్సర్‌కి లివర్ ఉండదు కాబట్టి ఆలోచించి మరీ ఆ వాక్యం తీసేసింది. ఆ ఒక్క మార్పు చేసినందుకు తనకు ఇంగ్లీషు వచ్చేస్తున్నట్టే మురిసిపోయింది.

లివర్ ఆపితే లేత్ తిరగడం ఆగిపోతుంది. ఆ తర్వాత తుడిచి, నూనె వేసి, ఆఖర్న మెయిన్ స్విచ్ ఆపుతారు. మిక్సర్‌ని ఆపడానికి మెయిన్ స్విచ్ ఒక్కటే దిక్కు. శాలిని రాసిన కాగితంలో అది ఆఖరి వాక్యంలో మిగిలిపోయింది. మూత తియ్యండి, లోపల శుభ్రం చెయ్యండి, మూత వెయ్యండి, అప్పుడు మెయిన్ ఆపండి. గోడ మీద అదే ఉంది.

కింద సూపర్‌వైజరు సంతకం పెట్టాడు. ఆ పక్కన మేనేజరు సంతకం పెట్టారు. ఆడిటువాళ్లు ఫొటో తీసుకుని టిక్కు పెట్టుకున్నారు. తిలాపాపం తలా పిడికెడు. చదివింది మాత్రం ఒక్క యేసుకుమార్ అని శాలిని భయం.

లాజరు మొదట అడిగింది యేసుకుమార్ వేళ్ల గురించి కాదు.

“ఇంగ్లీషు రాదా నీకు?”

“రాదు నాన్నా.”

“మన పేటలో పెళ్లికార్డుల మీద పేర్లన్నీ ఎవరు రాశారు? గుళ్లో బోర్డు మీద ప్రతి ఆదివారం ఇంగ్లీషు వాక్యం రాసేదెవరు?”

“చూసి రాశాను.”

“క్లాసులో కుర్రాళ్లందరి రికార్డులూ నువ్వే రాసేదానివిగా. రాత్రింబవళ్లు కూర్చుని.”

“అవీ చూసే రాశాను. సారు బోర్డు మీద రాసేవారు, నేను చూసి రాసేదాన్ని. సొంతంగా ఒక్క ముక్క కూడా రాయలేదు. రాయలేను కూడా. తెలుగు మీడియంలో అందరం అంతే నాన్నా. నా అక్షరాలు బాగుంటాయి కాబట్టి నాకొచ్చనుకున్నారు.”

“నువ్వెందుకు చెప్పలేదు?”

“మొదట్లో చెప్పాలనుకున్నా. అప్పటికే నువ్వందరికీ చెప్పేశావు.”

ఆ మాట లాజరుకి తగలాల్సిన చోటే తగిలింది. కూతురు కావాలని అనలేదు, ఉన్నది చెప్పింది. అతను గోడకు చేరగిలబడి రెండు చేతులతో ముఖం రుద్దుకున్నాడు. తర్వాత లేచి చొక్కా సర్దుకుని అరుగు మీదకు వెళ్లాడు.

“అన్నా, అమ్మాయికి జ్వరంగా ఉంది. తల ఎత్తలేకపోతంది.”

శౌరయ్య గబుక్కున కుర్చీలోంచి లేచాడు. “అయ్యో, పడుకోనీ పడుకోనీ. ముందే చెప్తే నేనొచ్చేవాణ్ణే కాదుగా. పిల్లని ఇబ్బంది పెట్టా.” 

“ఇబ్బందేం లేదన్నా.”

“సందేళకి తేలిగ్గా ఉంటే అప్పుడు రాసినా చాల్లే లాజరూ. ఎంక్వైరీ రేపే గదా. ఇదిగో, యేసుగాడు కింద సంతకం పెట్టిచ్చాడు. ఎడంచేత్తో పెట్టాడు, వంకరపోయింది. ఆడు మంచంలో అదే పనిగా నేర్చుకుంటన్నాడు. పైన అమ్మాయి ఏం రాసినా సమ్మతమేనంట.”

మడతలు పడకుండా బైబిలు మధ్యలో పెట్టి తెచ్చిన తెల్లకాగితం అది. లాజరు రెండు చేతులతో అందుకున్నాడు. పైనంతా ఖాళీ. అడుగున చిన్నపిల్లాడి రాతలాంటి సంతకం.

సంపూర్ణమ్మ టీ తీసుకొచ్చింది. “పంచదార సరిపోయిందా బావగారూ?”

“బానే ఉందమ్మా,” అన్నాడు శౌరయ్య. మిగిలిన పాలతో పెట్టిన టీ, సగం నీళ్లే. ఆయన దాన్ని ఆఖరి చుక్క దాకా తాగి, గ్లాసు కుర్చీ కింద జాగ్రత్తగా పెట్టాడు. మార్కెట్లో ముఠాకూలీ ఆయన. నడుం వంగిపోయినా బస్తా దించుకునేటప్పుడు ఇంకొకరి మీద పడకుండా చూసుకునే రకం. వెళ్తూ వెళ్తూ కర్టెన్ వైపు తిరిగి, “జాగ్రత్త తల్లీ. వేడినీళ్లు తాగు,” అన్నాడు.

శాలిని మోకాళ్ల మధ్య తల దాచుకుంది.

ఆయన సందు మలుపు తిరిగేదాకా ఇంట్లో ఎవరూ కదల్లేదు. ఆ తర్వాతే అసలు గొడవ మొదలైంది.

“ఈ సంగతి ఇంతటితో ఆగిపోవాలి,” అన్నాడు లాజరు. “సాయంత్రం ఎవరైనా మేష్టారి చేత రాయించి ఇచ్చేద్దాం. నువ్వు నోరెత్తకు.”

“ఏమని రాయిస్తారు?” అంది సంపూర్ణమ్మ.

“ఏముంది, పొరపాటైందని.”

“ఎవరి పొరపాటు?”

లాజరు భార్య వైపు చూశాడు. “బుధవారం నీకు చెప్పినప్పుడు నువ్వేమన్నావే దానికి? ఎవరితోనూ అనొద్దనే కదా అన్నావు?”

“అన్నాను. అప్పటికి ఆయన మనింటికొచ్చి టీ తాగలేదు.”

“టీ తాగితే మాత్రం? చెప్తే ఏమవుద్దో తెలుసా? ఉద్యోగం పోద్ది. దాని మీద కేసు పెట్టినా పెడతారు. ఆడపిల్ల పోలీస్ స్టేషన్ చుట్టూ తిరగాలా? ఇంత చేసినా వాడి వేళ్లు తిరిగొస్తాయా?”

“రావు. అలాగని చెయ్యని తప్పు వాడి మెడకి కట్టేద్దామా?”

“నేను కడతన్నానా? కంపెనీ కడతంది.”

“మనం చూస్తా కూర్చుంటాం. అంతేగా?”

“సంపూర్ణం, నా నోట్లోంచి చెడ్డమాట రానివ్వకు.”

“మీ నోట్లో మాట పేటంతా తిరిగొచ్చిందిగా ఇప్పటికే. మా అమ్మాయి ఇంగ్లీషు, మా అమ్మాయి ఇంగ్లీషు అని. అది ఒక్కసారి కూడా మనింట్లో ఇంగ్లీషు ముక్క మాట్లాడగా విన్నామా? మీరూ అడగలేదు, నేనూ అడగలేదు. అడిగితే ఏం బయటపడుద్దోనని నాకు భయం. ఆ మాట ఇవాళ ఒప్పుకుంటన్నా.”

తిట్టడానికి కూడా సరైన మాట దొరకని కోపం లాజరుది. అతను కూతుర్ని చదివించడానికి దేన్నీ లెక్కచెయ్యలేదు. ఆ ఐటీఐ వాకిట్లో తన పాత బండి ఆపి, ప్యాంటు నిండా రంగు మరకలతో నిలబడి, లోపల బోర్డు మీద కూతురు రాసిన అక్షరాల్ని కిటికీలోంచి చూసి కళ్లు తుడుచుకున్న రోజు అతనికి జ్ఞాపకం ఉంది. అక్కడ ఏం రాసుందో అతనికి తెలియదు. అది ఎంత అందంగా ఉందో మాత్రం తెలుసు. రంగులు వేసేవాడికి గీత విలువ తెలుస్తుంది. ఆ గీతే ఇవాళ ఇంత పని చేసిందంటే అతను నమ్మలేకపోయాడు.

శాలిని లేచింది. బల్ల మీద తండ్రి పెట్టిన తెల్లకాగితం తీసుకుంది.

“ఎక్కడికి?” 

“ఆస్పత్రికి.”

“శాలినీ.”

“నాకు ఉత్తరం రాయడం రాదు నాన్నా. రాదని చెప్పడానికి వెళ్తున్నా. అదైనా చెప్పనివ్వు.”

లాజరు గుమ్మానికి అడ్డంగా నిలబడ్డాడు. కూతురు ఆగింది. ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసుకోలేదు. కాసేపటికి అతనే పక్కకు తప్పుకుని, మంచం మీద కూలబడ్డాడు. వెళ్లమనలేదు, వద్దనలేదు. సంపూర్ణమ్మ కూతురి చేతిలో ఆటో ఖర్చులకు డబ్బులు పెట్టి, చున్నీ సరిచేసింది.

* * *

ఆస్పత్రి వార్డులో మధ్యాహ్నం ఎండ కిటికీలోంచి మంచాల మీదకు పడుతోంది. యేసుకుమార్ దిండుకి ఆనుకుని కూర్చుని ఉన్నాడు. కుడిచెయ్యి మణికట్టు దాకా కట్టుతో లావుగా ఉంది. ఒళ్లో పాత పేపరు, దాని మీద ఎడంచేత్తో గీసిన గీతలు. శాలినిని చూడగానే పేపరూ పెన్నూ దిండు కింద పెట్టేశాడు.

“జ్వరం అన్నాడు మా నాన్న?”

“లేదు. జ్వరం లేదు.”

“రాశావా మరి?”

“మీ నాన్నేరి?”

“పాలు తేవడానికెళ్లాడు. కూర్చో. ఏం రాశావో చదివి చెప్పు. నాకు ఒకటే అడగాలనుంది శాలినీ. డబ్బులు ఇవ్వకపోయినా పర్లేదు, ఉద్యోగం తియ్యొద్దని గట్టిగా రాయి. ఎడంచేత్తో చేసే పని ఏదో ఒకటి ఉంటుందిగా. స్టోరులో కూర్చోబెట్టినా సరే.”

శాలిని స్టూలు మీద కూర్చుని ఖాళీ కాగితాన్ని ఒళ్లో పెట్టుకుంది. దార్లో అంతా మొదటి మాట ఏమనాలో కూడబలుక్కుంటూ వచ్చింది. ఇక్కడికొచ్చేసరికి ఒక్కటీ గుర్తులేదు.

“నాకు ఇంగ్లీషు రాదు యేసూ.”

అతను నవ్వాడు. ప్రమాదం జరిగాక నవ్వడం అదే మొదటిసారి. “నీకు రాకపోతే ఇంకెవరికొచ్చు? ఐటీఐలో సారు సైకిల్ ట్యూబు ఎలా మార్చాలో సొంతంగా ఇంగ్లీషులో రాయమన్నాడు, గుర్తుందా? మా మావయ్య షాపులో చిన్నప్పట్నుంచీ ట్యూబులు మార్చినోణ్ణి నేను. ముందేంటో తర్వాతేంటో కళ్లు మూసుకుని చెప్తా. ఇంగ్లీషు అనేసరికి పెన్ను కదల్లేదు. క్లాసంతా అంతే, ఒకళ్ల మొహాలొకళ్లు చూసుకున్నాం. నువ్వొక్కదానివే తల వంచుకుని పేజీ నింపేశావు.”

“నేను రాసింది సైకిల్ గురించి కాదు. గైడులో లేత్ గురించి ఉన్నది రాసి, పైన సైకిల్ అని పెట్టా.”

“సారు పదికి తొమ్మిదేశాడే.”

“చదివుంటే వెయ్యడు.”

యేసుకుమార్ ఇంకా నవ్వుతూనే ఉన్నాడు. శాలిని నవ్వకపోవడం చూసి ఆగాడు.

“మిక్సర్ దగ్గర కాగితం కూడా అలాగే రాశాను,” అంది.

అతనికి అర్థం కావడానికి కొంచెం సేపు పట్టింది. పక్కమంచం మీది ముసలాయన నీళ్లడిగితే ఎవరో లేచి ఇచ్చారు. 

“మెయిన్ ఆఖర్న ఆపమని ఉంది,” అన్నాడు యేసుకుమార్ నెమ్మదిగా.

“అది తప్పు. ముందు ఆపాలి. తప్పు రాశాను.”

“ముందు ఆపాలని నాకు తెలుసు.”

శాలిని తలెత్తింది.

“ఆపరేటర్ బసవయ్య బాబాయి ఎప్పుడూ ముందు మెయిన్ ఆపేసేవాడు. కాసేపు ఆగి అప్పుడు మూత తీసేవాడు. ఆయన చెయ్యడం రోజూ చూస్తానే ఉన్నా. ఆ రోజు ఆయన రాలేదు. లోపల తవుడు తడిసి ముద్దకట్టి మిక్సర్ ఆగిపోయింది. నా చెయ్యి మెయిన్ దాకా వెళ్లింది శాలినీ. వెళ్లి ఆగింది. ఎదురుగా కాగితం కనపడింది. ఒక్కొక్క మాటా కూడబలుక్కుని చదివా. చదివితే ముందు మూత తియ్యమనుంది. బాబాయి చదువుకోలేదు గదా, ఆయనకి తెలీదేమో అనుకున్నా. ఇంగ్లీషులో ఉన్నదానికి తప్పుండదనుకున్నా. పైగా నీ అక్షరాలు.” 

అతను కట్టుకట్టిన చేతిని ఒళ్లోకి తీసుకున్నాడు. “ముద్ద తియ్యగానే బ్లేడు తిరిగింది.”

శాలిని ఏడవలేదు. ఏడిస్తే అతను ఓదార్చాల్సి వస్తుందనిపించి ఆపుకుంది.

“నోటీసులో వాళ్లు రాసిందేంటి? కాగితంలో ఉన్నట్టు చెయ్యలేదనా?” అన్నాడు.

“అదే.”

“కాగితంలో ఉన్నట్టు చేశా కాబట్టే ఇక్కడున్నా.” గొంతు పెరిగింది. పక్కమంచంవాళ్లు చూస్తుంటే తగ్గించాడు. “నీకు రానప్పుడు రాదని ఒక్క మాట చెప్పొచ్చుగా ఆ మేనేజరుకి.”

“చెప్తే ఉద్యోగంలో ఉంచరనుకున్నా.”

“ఉంచకపోతే ఏమయ్యేది? ఇంకో చోట చూసుకునేదానివి.”

శాలిని దగ్గర ఉన్న సమాధానం, ఇంటి దగ్గర మంచం మీద కూలబడిన తండ్రి, ఇక్కడ చెప్పుకునేది కాదు.

“మా నాన్నకి నువ్వే చెప్పు,” అన్నాడు యేసుకుమార్. “నాకు నోరు రాదు. ఆయన నిన్ను దేవత అనుకుంటన్నాడు.” అని గోడ వైపు తిరిగి పడుకున్నాడు.

అప్పుడే శాలిని ఫోన్ మోగింది. మేనేజరు హర్షవర్ధన్ గారు. లేచి బయటకు వెళ్దామనుకుంది. అంతలోనే మానుకుని అక్కడే ఎత్తింది. పాత ఫోను, అవతలి గొంతు పక్కవాళ్లకు కూడా వినిపిస్తుంది.

“శాలినీ, ఆదివారం పూట ఇబ్బంది పెడుతున్నానమ్మా. ఏమీ అనుకోకు. రేపటి ఎంక్వైరీకని మిక్సర్ దగ్గర కాగితం ఇప్పుడే తెప్పించి చదివాను.”

“సార్.”

“అప్పుడే చదవాల్సింది. నేను చదవలేదు, మన సూపర్‌వైజరూ చదవలేదు. సరే, అయిందేదో అయింది. కంగారుపడకు. నీ మీదకి రానివ్వను, నా మీదకీ రాకూడదు. కరెక్టుగా ఎలా ఉండాలో నేను టైపు చేసి వాట్సాప్‌లో పెడుతున్నా. నీ చేతిరాతతోనే మళ్లీ రాసి పొద్దున్నే తీసుకురా. కింద తేదీ మాత్రం పాతదే వెయ్యి.”

“సార్, ఆడిటువాళ్ల దగ్గర ఫొటో ఉంది.”

“దూరం నుంచి తీసిన ఫొటో అది, అక్షరాలేం కనపడవు. నువ్వేమీ ఆలోచించక్కర్లేదమ్మా. చూసి రాస్తే చాలు. నీకది బాగా వచ్చు కదా. వచ్చే నెల నుంచి నిన్ను పర్మనెంట్ చేసే సంగతి కూడా చూస్తాను.”

ఆయన మంచిగానే మాట్లాడారు. ఒక్క కటువు మాట లేదు. ఆ మంచితనానికే శాలిని భయపడింది.

ఫోన్ పెట్టేసిన కాసేపటికే మెసేజ్ వచ్చింది. తెరిచి చూసింది. చిన్న చిన్న వాక్యాలు, ఆమెకు కూడా అర్థమయ్యేటంత తేలికైనవి. మొదటి వాక్యం మెయిన్ స్విచ్ ఆపమని. రెండోది, బ్లేడు పూర్తిగా ఆగేదాకా ఉండమని. మూడోది, చెయ్యి లోపల పెట్టొద్దు, కర్రతో తియ్యమని. పైనుంచి కింది దాకా ఒక్క తప్పు లేదు. ఈ కాగితం ముందే గోడ మీద ఉండి ఉంటే యేసుకుమార్ ఇవాళ పూజకు వచ్చి, గుడి బయట తనతో వేళాకోళమాడేవాడు. శాలిని ఇక ఆపుకోలేకపోయింది. చున్నీ నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది.

యేసుకుమార్ గోడ వైపు నుంచి తిరగలేదు. నిద్రపోవడం లేదని అతని భుజాలు చూస్తే తెలుస్తోంది. అన్నీ విన్నాడు.

ఒళ్లో ఖాళీ కాగితం ఉంది. దాని మీద ఏం రాయాలో శాలినికి పూర్తిగా తెలుసు, ఎలా రాయాలో తెలియదు. ఫోన్‌లో ఉన్నది రాయడానికి ఏమీ తెలియక్కర్లేదు. చెయ్యి ఉంటే చాలు. కాసేపట్లో అయిపోతుంది. ఉద్యోగం ఉంటుంది, నాన్న తలెత్తుకుని గుడికెళ్తాడు, రేపు ఎంక్వైరీలో అందరూ ఆ కాగితం చూసి తప్పు చేసినవాడిలా యేసుకుమార్‌ని చూస్తారు.

“వచ్చావా తల్లీ?”

శౌరయ్య పాలసీసాతో మంచం దగ్గరకొచ్చాడు. శాలిని కళ్లు చూసి కంగారుపడ్డాడు. “జ్వరంతో ఎందుకొచ్చావమ్మా ఎండలో? ఎందుకేడుస్తన్నావు? ఆడికి తగ్గిపోద్దిలే. డాక్టరుగారు చెప్పారుగా.”

“పెదనాన్నా.”

“ఫోనులో ఎవరు? ఏడిపించేంత మాట ఎవరన్నారు?”

“ఆఫీసు నుంచి. మేనేజరు గారు.”

“ఏమంటారు?”

“ఒక కాగితం రాసి తెమ్మంటున్నారు.”

శౌరయ్య ముఖం విప్పారింది. సీసా కింద పెట్టి, రెండు చేతులూ పంచెకు తుడుచుకుని, ఆ పిల్ల తల మీద చెయ్యి వేశాడు. 

“మన యేసుగాడి ఎంక్వైరీ కోసమేగా? ఆయనే ఫోను చేశాడంటే మన మీద దయ ఉన్నట్టే. రాసెయ్యమ్మా. నీకు తెలిసిందేదీ అందులో కలపమాక. వాళ్లు ఎలా రాయమంటే అలాగే రాసిచ్చెయ్. పెద్దోళ్లకి కోపం తెప్పించొద్దు.”

యేసుకుమార్ ఇటు తిరిగాడు. తండ్రి సంతోషాన్ని చూశాడు. నోరు తెరిచి అసలు సంగతి చెప్తాడేమోనని శాలిని ఎదురుచూసింది. అతను చెప్పలేదు. దిండు కింద నుంచి పెన్ను తీసి, ఎడంచేత్తో ఆమెకు అందించి, ఆ ఖాళీ కాగితం మీద ఆమె ఏం రాస్తుందోనని చూస్తూ ఉండిపోయాడు.